మిగిలిన స్క్రూ

షెఫీల్డ్‌లో ఈ ఫ్లాటు నాది కాదు.
గోడకి మేకు కొట్టాలంటే ఏజెన్సీకి ఉత్తరం రాసుకోవాలి.
కారు, నెలనెలా కడుతున్నన్నాళ్లు నాది.
ఫోనైతే విప్పితే చచ్చిపోతుంది,
జిగురు పెట్టి మూసిన నోరు దానిది.

ఈ లాప్‌టాప్ మాత్రం
ఐదు స్క్రూలు వదులు చేస్తే చాలు
బియ్యండబ్బా మూతలా పైకి లేస్తుంది.

తొమ్మిదేళ్లు.
కోర్టుల్లో, ఆసుపత్రుల్లో
ఒకరి మాట ఇంకొకరికి అందించి పొట్టపోసుకునేదాన్ని.
సాక్షి నోరు విప్పేదాకా నేను నోరు విప్పకూడదు.
ఇంటికొచ్చి ఆ గంటలకి బిల్లులు కొట్టే మీటలివి.
మొదటి ఏడే మెడ సడలింది, కొత్త కీలు వేశాను.
బ్యాటరీ రెండుసార్లు.
తెర, ట్రాము మెట్టు మీద సంచి జారిన రోజున.
పొడవాటి మీట, బొటనవేలు ఆనే చోట
ఏటి రాయిలా నున్నబడింది.
దాన్ని మార్చబుద్ధి కాలేదు, చాలాకాలం.

ఇంద్రసేన వెళ్లిపోయిన నెల
అన్నీ పంచుకున్నాం.
కుక్కరు నాకు, తివాచీ అతనికి.
"ఇదీ ఇద్దరి జీతంతో కొన్నదేగా" అన్నాడు
నవ్వుతూనే.
నేనూ నవ్వుతూనే మూత తీసి
రెండు మెమొరీ కడ్డీల్లో ఒకదాన్ని పీకి
అతని చేతిలో పెట్టాను.
ఆ చలికాలమంతా
సగం జ్ఞాపకంతో నడిచిందిది.
ఒక కిటికీ తెరవాలంటే
ఇంకో కిటికీ మూయాల్సి వచ్చేది.
ఏప్రిల్లో, ఎవరో వాడి వదిలేసిన కడ్డీ
పద్దెనిమిది పౌన్లకి దొరికింది.
టక్కున కూర్చుంది.
ఎవరి జ్ఞాపకమో అడగలేదు.

కింది అంతస్తు క్లిఫర్డ్ హాలమ్
నలభై రెండేళ్లు కత్తెరలు జతచేసిన మనిషి.
రెండు రెక్కలూ ఒకదాన్నొకటి తినెయ్యకుండా,
అలాగని ఎడంగా పోకుండా
నడుమ ఎంత బిగించాలో వేలికొసకి తెలుసు.
నా బల్ల నిండా ముక్కలు చూసి
కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు.
"స్క్రూ పెట్టినవాడు నువ్వు మళ్లీ వస్తావనుకున్నాడు పిల్లా,
జిగురు పెట్టినవాడు అనుకోలేదు."
అని ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు.
నా పాత మదర్‌బోర్డు ఇప్పుడు
అతని వంటింట్లో, ఖాళీ రొట్టెల డబ్బాలో కూర్చుని
యార్క్‌షైర్ క్రికెట్ వినిపిస్తోంది.
వాన వల్ల ఆట ఆగిందన్న వార్తే ఎక్కువ.

"నీ సొంతమైనవి ఏమున్నాయి?"
మొన్న ట్రిబ్యునల్లో ఒకాయన్ని అడిగారు.
ఇంగ్లీషులో 'హ్యావ్' అని గట్టి మాట,
పిడికిలి బిగించినట్టుంటుంది.
మనకా క్రియ లేదు.
నా దగ్గర ఉంది, అంటాం.
దగ్గర. అంతే.
ఆయన చాలాసేపు ఆలోచించి
ఒక గడియారం ఉందన్నాడు.
నేను అదే చెప్పాను, గట్టి మాటలో.
తప్పు చెప్పానేమోనని బస్సులో అనిపించింది.

వచ్చే ఏడాదినుంచి ఈ రకం కీళ్లు చెయ్యరట.
రెండు తెప్పించి
ఆవాల డబ్బా వెనక దాచాను.

నిన్న ఫ్యాను తుడుద్దామని మళ్లీ విప్పాను.
పసుపు. పెన్సిలు చెక్కు. ఒక నువ్వుగింజ.
రెక్కకి చుట్టుకుని తెల్లటి వెంట్రుక,
పిల్లిదనుకున్నాను.
ఈ ఇంట్లో ఎప్పుడూ పిల్లి లేదు.
దీపం కింద పట్టి సాగదీస్తే
బారెడుంది.
నాదే.

తుడిచి, ఊది, అన్నీ బిగించాక
ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఎంత వెతికినా తెలియలేదు.
మీట నొక్కితే
ఎప్పట్లాగే వెలిగింది.
కాసేపు అరచేతిలో దొర్లించి
ఆవాల డబ్బా వెనక
కీళ్ల పక్కన పెట్టాను.