వాలు

బోరా గాలి వీచినప్పుడు
ట్రియెస్టేలో నడిచేవాళ్ళంతా ఇటాలిక్కే.
నెరెయో కిటికీ బిగించి
సీసపు అక్షరాల సొరుగు లాగుతాడు.

"పది డిగ్రీల వాలు. ఒక్కటి పెరిగితే తూలినట్టుంటుంది,
తగ్గితే మొహమాటం."
వాళ్ళ తాత ఉక్కులో చెక్కిన అచ్చు.
ప్రతి గీత చివరా
చీమ పాదమంత మడమ.

పేచీ అంతా ఎఫ్‌తోనే.
తోక పక్కింట్లో, తల ఎదురింట్లో.
కాస్త బిగిస్తే పుటుక్కు.
విరిగినవి కాఫీ డబ్బాలో వేస్తాడు, పారెయ్యడు.

పెళ్ళిపిలుపులకు ఇదే, వైన్ సీసాలకు ఇదే,
ఓడల పేర్లకు,
మనసులో అనుకుని మింగేసిన మాటకు.
చావుకబురుకు మాత్రం నిటారు అక్షరాలు.
ఊరి ఆనవాయితీ.

నిన్న ఫుల్వియా వచ్చింది, నల్లకోటులో.
"వాలుదే వెయ్యి.
ఆయనెప్పుడు నిటారుగా నిలబడ్డాడు గనక!"

గొఫ్రెదో.
వాళ్ళ రాతలో రెండు ఎఫ్‌లు.
సొరుగులో మిగిలింది ఒక్కటే.

నెరెయో డబ్బా బోర్లించి చాలాసేపు వెతికాడు,
చివరికి తల లేనిదాన్నే పేర్చాడు.

తడి ఆరని కాగితం మీద
ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆగింది:
"ఇది, టోపీ గాలికి పోయిన రోజు."