డౌన్లో పెట్టిన బండి

పదకొండు రోజులు ఈ ఊరిని
పల్లాలుగా మాత్రమే చూశాను.

కేజీహెచ్ డౌన్ మంచిది,
బ్రేకు వదిలితే సగం దిగేలోపే
రెండో గేరులో అందుకుంటుంది.
పందిమెట్ట వాలు చిన్నదే, కానీ ఎప్పుడూ మోసం చెయ్యలేదు.
టీ తాగాలన్నా ముందు
నేల ఎటు వంగిందో చూసుకోవాలి.
చదునుగా ఉన్నచోట
ఆకలేసినా ఆగేవాణ్ని కాదు.

ఫిషింగ్ హార్బర్లో మాత్రం పల్లమెక్కడిది,
అంతా సిమెంటు.
తెల్లారగట్ల మూడున్నర.
వెనక పద్నాలుగు బాక్సులు,
వంజరాలు, కానాగడతలు, కారుతున్న ఐసు.
తాళం తిప్పితే
టక్.
ఒక్కటే టక్.
మాట నోటిదాకా వచ్చి మింగేసినట్టు.

"మళ్లీనేటి మావా" అంటూ
వల సర్దడం ఆపి కుర్రాళ్లు వచ్చి తోసేవారు.
వేలంపాట మధ్యలోంచి దేశమ్మ అరిచేది,
"బొలేరో కొన్నావా, తోపుడుబండి కొన్నావా?"

అందరూ బ్యాటరీయే అన్నారు. నేనూ అదే అనుకున్నాను.
ఆరువేల రెండొందలు పోసి కొత్తది వేయించాను.
కొత్త బ్యాటరీ
కాస్త గట్టిగా అంది, టక్.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఎల్లాజీ షాపు.
షాపంటే ఒక రేకు, ఒక బల్ల,
రెండు తీగలు కట్టిన చిన్న బల్బు.
బానెట్ ఎత్తలేదు ఆయన.
"హెడ్‌లైట్లేసి తిప్పు" అన్నాడు.
తిప్పాను. లైట్లు రెప్ప కూడా వెయ్యలేదు.
"సూసేవా? మోటారు కరెంటు తాగితే
లైటు మసకబారాల. ఇది తాగట్లేదు.
బ్యాటరీ మార్సమన్నోడెవడు నీకు?"

గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు.
సోలినాయిడ్ ఇటు పక్క బల్బు వెలిగింది,
తాళం తిప్పితే అటు పక్కా వెలిగింది.
"గుమ్మందాకా వచ్చింది, లోపలోడు లేవట్లేదు" అని
స్పానరు పిడితో మోటారు మీద రెండు మొట్టాడు.
"ఇప్పుడు తిప్పు."

బండి స్టార్టయింది!
బాగయిపోయిందని గంతేశాను.
"బాగవలేదు. దెబ్బకి లేచింది.
దెబ్బకి లేచింది రోజూ దెబ్బే అడుగుతాది."

ముందు నెగెటివ్ తీగ విప్పాడు.
పై బోల్టు మాట విన్నాది,
కింది బోల్టు వినలేదు.
ఆరేళ్లుగా చేపనీళ్లు కారి కారి
నట్టూ బోల్టూ ఒకటే రాయి అయిపోయాయి.
కిరసనాయిలు పోసి, బీడీ వెలిగించడానికి
దూరంగా రోడ్డవతలికి పోయాడాయన.
తుప్పుని తొందరపెట్టకూడదట.

మధ్యాహ్నానికి ఊడింది,
మధ్యరకం వంజరమంత బరువు.
బల్లమీద విప్పితే బొగ్గుపొడి,
శనగబద్దంత మిగిలిన బ్రష్షులు,
అంచుల వెంట తెల్లగా ఏదో పేరుకుని.
గోటితో గీకి నాలిక్కి రాసుకున్నాడు.
"మనదే" అన్నాడు, సముద్రం వైపు చూడకుండానే.

ఆటోనగర్ నుంచి ఇంకోటి తెప్పించాడు,
మూడువేల ఎనిమిదొందలు, ఆరు నెలల మాట.
కాగితం లేదు, మాటే.
పాతదాని పళ్లు, దీని పళ్లు
పక్కపక్కన పెట్టి లెక్కపెట్టాడు,
తొమ్మిదీ తొమ్మిదీ.

బిగించాక తిప్పాను.
టక్ లేదు. తిన్నగా ఇంజను.
"ఇప్పుడు ఆపు" అన్నాడు.

పదకొండు రోజులుగా
చదును నేలమీద ఇంజను ఆపలేదు నేను.
చెయ్యి తాళం మీదే ఉంది, తిరగలేదు.
"ఆపవయ్యా. ఆపకపోతే నాకెలా తెలుస్తాది,
నీకెలా తెలుస్తాది?"

ఆ రాత్రి హార్బర్లో
బండి ఆపేసి కూర్చున్నాను.
బోట్ల తాళ్లు కిర్రుమంటున్నాయి.
ఇన్నాళ్లూ ఇంజను మోతలో వినపడలేదవి.
లోడయ్యాక కుర్రాళ్లు పిలవకుండానే వచ్చి
వెనక డోరుకి చేతులానించారు.
వద్దని చెప్పాలనిపించలేదు.
తాళం తిప్పాను.

అద్దంలో చూస్తే
చేతులు ఇంకా అలాగే చాపి
గాలిని తోస్తూ నిలబడ్డారు.