సారా కాచేవాడి కూతురు

బెర్దౌనీ ఏటి గట్టున, చివరి బల్ల.
వదాద్, ఈవెత్, అఫీఫే, నేను.
నలుగురికీ కలిపి రెండువందల యాభై ఏళ్ళు,
ఏడు కట్టుడు పళ్ళు,
ఒక గుండెలో చిన్న స్ప్రింగు.

"నుహాద్ అత్తకి ఎప్పటిలాగే నిమ్మరసం"
నా మొహం చూడకుండానే రాసేసుకుంటున్నాడు కుర్రాడు.
కాదు, అన్నాను.
పెన్సిలు ఆగింది.
ఈవెత్ చేతిలో పిస్తా పప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది.
ఏరొక్కటే ఆగలేదు.

నవ్వకండి,
జహ్లేలో అరక్ కాచేవాడి కూతుర్ని నేను.
సెప్టెంబరు వచ్చిందంటే మా రాగి బాన కింద మంట ఆరేది కాదు.
నా జడలో సోంపు వాసన, నా లెక్కల పుస్తకంలో సోంపు వాసన.
సీసాలకి చీటీలు అంటించింది నేనే,
ఒక్కొక్కటీ నాలికతో తడిపి.
జిగురు రుచి నాకు బాగా తెలుసు.
లోపలిది తెలీదు.

మా అన్న ఇస్కందర్
ఒక మంగళవారం బ్యాటరీ కొనుక్కొస్తానని కొండ దిగాడు.
యుద్ధం రోజులు.
ఇంతకన్నా నాకూ తెలీదు.

వాడొచ్చేదాకా ఈ ఇంట్లో ఎవరి పెదవికీ చుక్క తగలకూడదంది అమ్మ,
మాత పటం మీద చెయ్యేసి.
నాన్న ఊరందరికీ పోసి తను కాఫీ తాగాడు, పోయేదాకా.
తర్వాత అమ్మ.
కుట్టుమిషనూ మొక్కూ నా వాటాకి వచ్చాయి.

మరి ఇవాళే ఎందుకంటే చెప్పలేను.
పొద్దున అద్దంలో అమ్మ కనపడింది.
దాహంగా ఉన్నట్టుంది.

హుక్కా ముందొచ్చింది.
ఎర్ర వెల్వెట్ చుట్టిన గొట్టం. కుట్టు ఊడింది ఒకచోట,
నా కన్ను తిన్నగా అక్కడికే పోయింది.
"పీల్చెయ్యకు, ముద్దు పెట్టుకున్నట్టు మెల్లగా లాగు" వదాద్ పాఠం.
అదెప్పుడు నేర్చుకున్నానే నేను, అన్నాను.
అఫీఫే నవ్వుకి పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు.
లాగాను. ఆపిల్ వాసన, వెనకే దగ్గు,
కళ్ళల్లోంచి ముక్కులోంచి ఎక్కడెక్కడినుంచో నీళ్ళు.

రెండోసారి దగ్గు రాలేదు.
బుడబుడ, బుడబుడ...
ఈ చప్పుడు నాకు తెలుసే!
పొద్దున్నే పెరట్లో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ
నన్ను ఏడిపించడానికి పాట కూడా పాడబోయి
పొలమారిన ఇస్కందర్.

ఎవరితోనూ అనలేదు. గొట్టం ఈవెత్ కిచ్చాను.

ఇక అరక్.
మూడో వంతు అది, రెండు వంతులు నీళ్ళు, ఐసు ఆఖరున.
ఐసు ముందేస్తే పైన పొర కడుతుంది:
నాన్న తిట్లతో సహా గుర్తుంది.
నేనే కలిపాను. నీళ్ళు పడగానే
తెల్లబోయింది పాపం, నాలాగే.

మొదట చల్లన. తర్వాత తీపి. తర్వాత నిప్పు.
నిప్పు దిగాక, నమ్ముతారో లేదో,
మా వెనక గది, తడి గోనెసంచులు, బాన మూత మీద నాన్న చెయ్యి.

"ఎలా ఉంది?"
ఇంతేనా, అన్నాను. నలభై మూడేళ్ళూ దీనికోసమా.
అని, ఇంకో గ్లాసు అడిగాను.
కొత్త గ్లాసు. వాడిన దాంట్లో పొయ్యడం మా ఇంటా వంటా లేదు.

మూడో గ్లాసుకి కుడి చెవి వేడెక్కింది,
లెక్క తేలింది.
వాడొస్తేనే కదా తాగాలి?
తాగాను కదా? అంటే వచ్చినట్టే.
మాతతో వాదించి గెలిచాను అఫీఫే, వింటున్నావా?
అఫీఫే చెప్పులు విప్పేసి నిద్రపోయింది.

బొగ్గులు మార్చడానికి కుర్రాడొచ్చాడు.
ఉండు నాయనా, ఆ గొట్టం ఇలా పట్టుకో.
సంచిలో సూది ఉంది, ఎర్రదారం ఉంది,
ముప్ఫై ఎనిమిదేళ్ళు పెళ్ళి గౌన్లు కుట్టిన చెయ్యి ఉంది,
సూది బెజ్జాలు మాత్రం రెండున్నాయి.

వదాద్ ఏదో అంటోంది. కుర్రాడు కదలకుండా నిలబడ్డాడు,
పుణ్యాత్ముడు.
దారం కొస నాలికతో తడిపాను.

సోంపు.