అప్రదక్షిణం

సోహార్‌ల, సముద్రం దిక్కు పోయే తొవ్వల
ఒక గుండ్రటి గడ్డిమడి. దానికి నీళ్లోన్ని నేను.
అయిదు గొట్టంగ పైపు విప్పుత.
అప్పటికే తిరుగుతుంటయి నా సుట్టు
చేపల లారీలు, ఫ్యాక్టరీ బస్సులు, గ్యాసు ట్యాంకరు.
నడిమిట్ల నిలవడ్డోన్ని ఎవరు చూస్తరు?

జూలైల పన్నెండున్నరకు పని బంద్.
ట్యాంకరు నీడల కూసుంటం, నేను, తోఫజ్జల్.
నోవాఖాలీల లెక్కల సారట వాడు, అప్పులు ఇటు తోలినయి.
"ఈ నెలల సూర్యుడు మనకు అన్నిట్లకన్న దూరం" అన్నడు.
చెప్పుల అడుగు తారుకు అంటుకపోతున్నది.
దూరమట!
"ఎండకు దూరంతోని పని లేదు. మన దిక్కు భూమి వంగింది గంతే.
దగ్గరున్నోడు కాదు, నెత్తి మీద నిలవడ్డోడు కాలుస్తడు."
ఈ మాట మా ఫోర్‌మన్‌ను చూసినోనికి చెప్పాల్నా?

ఖాళీ సీసాకు సుతిలి గట్టి గిరగిర తిప్పిండు.
"భూమి సూర్యునిల పడుతనే ఉంటది.
పక్కకు ఉరుకుతది గనుక తప్పిపోతది.
దగ్గరికొస్తే ఉరుకుడెక్కువ, దూరమైతే జర నిమ్మళం."
నిమ్మళమంటే
సెకనుకు ఇరవై తొమ్మిది కిలోమీటర్లట.
సుతిలి తెగింది. సీసా గుండ్రంగ పోలే,
సక్కగ పోయి కంచెకు తాకింది.

ఇంకోటి చెప్పిండు:
ధ్రువనక్షత్రం కాడ నిలవడి కిందికి చూస్తే
గ్రహాలన్నీ ఎడమకే తిరుగుతయట, ఈ సర్కిల్ల బండ్ల లెక్కనే.
మెట్‌పల్లిల నవగ్రహాలు యాదికొచ్చినయి.
నూనె చేతులతోని, శనివారం శనివారం
తొమ్మిది సుట్లు కుడికి తిరిగిన నేను.
అంటే శని ఎదురుంగ వస్తుండె.
ఎన్నిసార్లు ఒకరినొకరం దాటిపోయినమో,
ఆగి నా అర్జీ చదివే తీరిక ఆయనకేడిది?

పొద్దుగూకంగ ఒక లెర్నర్ కారు వచ్చింది.
ఒక సుట్టు. రెండు. మూడు.
పక్కసీటుల సారు చేతులు ఊపుతుండు,
స్టీరింగు పట్టిన పిల్ల పెదవి కొరుక్కుంటున్నది,
బయటి లైన్ల లారీలు సందు ఇస్తలేవు.
నాలుగో సుట్టుల నా దిక్కు చూసింది.
ఎన్నేండ్లాయె, ఈ మడిల నన్నొకరు చూసి!
ఆమెకు ఏ రోడ్డు కావాల్నో నాకేమెరుక?
పైపు లేపి ఒక దిక్కు చూపిచ్చిన.
సుతిలి తెగిన సీసా లెక్క
సక్కగ పోయింది.

నేను తడిసిన. గడ్డి సగమే తడిసింది.
జనవరి మూడో నాలుగో, సూర్యుడు దగ్గరయ్యే దినం,
స్వెటరు ఏసుకొని ఇక్కడ్నే ఉంట,
ఎంత దగ్గరో చూడాలె.