పదిహేను మిల్లీమీటర్లు

జూన్‌లో చిత్తూరు దారిన
కిటికీ తెరిచి చూడక్కర్లేదు,
గుజ్జు ఫ్యాక్టరీ వచ్చిందని ముక్కే చెబుతుంది.
గేటు పక్కన తొక్కల గుట్ట, పైన ఈగల మబ్బు,
రెండు ఎనుములు, కాకుల పంచాయితీ.
అక్కడే నేనొక సంచి నింపుకుంటాను.
వాచ్‌మన్ దొరసామి ప్రతిసారీ అదే అడుగుతాడు:
"కాయ తినే వయసులో తొక్కెందుకు పాపా?"

లోపల అమ్మ.
బకెట్టుకింతని కూలి.
తోతాపురి తొడిమ తెగ్గానే చిమ్మే సొన
వేళ్ల సందుల్లో కాలుస్తుంది.
సీజను ముగిసేసరికి ఆ చేతులు
వాన చూడని చెరువు మన్ను.

తిరుపతిలో, మూడో అంతస్తు ల్యాబులో,
ఆ తొక్కలే నీడన ఎండి, పొడై,
మెథనాల్లో మూడు రాత్రులు నానుతాయి.
దిగేది ముదురు పాకం రంగు.
వాసన మాత్రం ఏ కాయదీ కాదు.

దానిమ్మ తొక్కలు లీలామహల్ దగ్గర
జ్యూస్ బండి దస్తగిరి దాచిపెడతాడు.
"కడుపు పాడైతే మా అక్క కాచి పోసేది.
మాకు ల్యాబు లేదు మేడమ్, పొయ్యి ఉండేది."

కొన్న క్రిములు చాలవు,
నిజం పుండువి కావాలన్నారు గైడు.
ఆ ఆదివారం ఇంటికెళ్తే
అమ్మ చూపుడు వేలు చీము పట్టి ఉంది.
అడగడానికి నోరు రాలేదు.
దూదిపుల్ల చూసి తనే చెయ్యి చాచింది:
"తీసుకో, నాకెందుకది."

అట్లా అమ్మ వేలు
ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో
రాత్రంతా పెరిగింది.
మూత మీద రాశాను: ఎం-మూడు.

తెల్లారి చూస్తే
పసుపు చుక్కలు కిక్కిరిసిన పళ్లెంలో
మామిడి తొక్క బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ.
స్కేలు పెట్టాను. పదిహేను మిల్లీమీటర్లు.
ఆసుపత్రి మందుకు ఇరవై ఆరు.
నీళ్లలో తీసిన మామిడి కషాయానికి ఏమీ లేదు,
క్రిములు దాని గట్టు దాకా వచ్చి కాపురం పెట్టాయి.
దానిమ్మ మాత్రం నీళ్లలోనే తొమ్మిది గీసింది.
దస్తగిరికి చెప్పాలి.

అమ్మకు ఫోన్‌లో ఫొటో చూపించాను.
దూరంగా పట్టుకుని చూసింది:
"ఎవురూ దాటకుండా ముగ్గేసినట్టుండాదే.
అయితే ఇది మందా?"
ఇంకా కాదమ్మా.
గాజు పళ్లెంలో చచ్చినంత తేలిగ్గా
ఒంట్లో చావవు.
"నా చేతులు కాల్చేదానికి
ఇంత బుద్ధుండాదని తెలీదే."
కాసేపాగి అసలు మాటకొచ్చింది:
"తొక్కకి కిలో ఎంతిస్తారంట?"

వేలు సర్కారాసుపత్రి ఆయింట్‌మెంటుతో మానింది.
అది థీసిస్‌లోకి రాదు.
వచ్చేది పట్టిక, నాలుగో గడి.
నమూనా మూలం: కూలి, స్త్రీ, నలభై ఏడు.
పేరు రాయకూడదు, నియమం.
ప్రింటు తీసిన కాగితం అంచున
పెన్సిల్‌తో మొగిలమ్మ అని రాశాను.
రబ్బరు ఎక్కడ పెట్టానో.