గాలి రోజు, తాడు

మా ఊళ్ళో గాలికంటే ముందు తాళ్ళు వస్తాయి.
మునిసిపాలిటీ వాళ్ళు పొద్దున్నే
కూడలి స్తంభాలకు బిగించి పోతారు,
నడిచేవాళ్ళు పట్టుకోడానికి.
పుంతా అరేనాస్‌లో నవంబరంటే అదే:
కుక్కలు అడ్డంగా నడుస్తాయి,
టోపీలు జలసంధి దాటిపోతాయి,
నా దుకాణానికి పళ్ళూడిన జిప్పులు వస్తాయి.

సూదికి దారం ఎక్కిస్తూ గాజు తలుపులోంచి చూశాను.
నా కూతురు ఐలెన్, పదిహేడేళ్ళది.
పక్కన ఆ పిల్లాడు అమారో,
పొడుగ్గా, సరిగ్గా మేకు కొట్టని తలుపులా ఊగుతూ.
కూడలి దగ్గర అతను చెయ్యి చాపాడు.
ఏదో అడిగాడు. మాటల్ని గాలి మింగేసింది.
ఇది తల అడ్డంగా ఊపి
తాడు పట్టుకుంది.

నా గుండె జారింది.
ఇప్పుడు మొహం మాడుతుంది, అనుకున్నాను.
ఇప్పుడు వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాడు.
ఇప్పుడు ఇది వెంటపడి బతిమాలుతుంది.
ఆ వరస నాకు కంఠతా వచ్చు.

అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.
రెండో చేత్తో అదే తాడు, రెండు మూరలు వెనక, తనూ పట్టుకున్నాడు.
నడుం వంగిన ముసలాళ్ళలా
ఇద్దరూ రోడ్డు దాటారు, నవ్వుకుంటూ.

ఎవరిస్తో నా కోసం రోజూ వచ్చేవాడు,
పీతల ఫ్యాక్టరీ గేటు దగ్గరికి, ఆరుంబావుకి.
అదృష్టవంతురాలివే, అనేవాళ్ళు తోటి ఆడవాళ్ళు
వేళ్ళకంటిన పెంకులు దులుపుకుంటూ.
ఆరున్నరకు బయటికొస్తే
ఆ పావుగంట ఎక్కడ, అని అడిగేవాడు.
నవ్వుతూ వస్తే, ఎవరితో నవ్వావని.
ప్రేమకు లెక్క ఉంటుంది కాబోలు అనుకున్నాను.
లెక్క తప్పకూడదని
ముందు ఆలస్యం మానేశాను, తర్వాత నవ్వడం.
కొట్టలేదు ఎప్పుడూ.
అందుకే ఎవరికీ చెప్పుకోడానికి
ఏమీ లేకపోయింది.

రాత్రి సూపు పోస్తూ అడిగాను,
ఏమే, గొడవ పడ్డారా?
లేదే.
మరి చెయ్యి ఇస్తే పట్టుకోలేదేం?
ఒక చేతిలో ఎంపనాడా ఉందమ్మా, రెండోది తాడుకి కావాలి.
అడిగాడు. వద్దన్నాను. అంతే.

అంతే.
ఆ మాటని నోట్లో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను,
ఎప్పుడూ తినని పండు ముక్కలా.
నా వయసులో వద్దు తర్వాత
ఎంతో పెద్ద కథ ఉండేది.

ఇదంతా విని నా కూతురు దేవత అనుకునేరు.
శనివారం, దుకాణం వెనక గదిలో,
రేపు డాన్సుకి రానన్నాడని
ఫోన్ ఇటివ్వు, ఎవరితో మాట్లాడుతున్నావో చూస్తా, అంది.
నా మీద ప్రేముంటే ఇస్తావు, అంది.

నా సూది ఆగింది.
ఎవరిస్తో మాట, అక్షరం పొల్లుపోకుండా,
నా కూతురి నోట్లో.
దీనికి ఎవరు నేర్పారు?
నా మౌనమే నేర్పిందేమో,
వంటింట్లో, ఏళ్ళ తరబడి.

లేవబోయాను.
అమారో గొంతు వినిపించింది, పెద్దగా కాదు:
ప్రేముంది. ఫోన్ ఇవ్వను.
సోమవారం లెక్కల పరీక్ష కూడా ఉంది.

చాలాసేపు ఏ చప్పుడూ లేదు.
తర్వాత ఇది ముక్కు చీది
నేనలా అడక్కుండా ఉండాల్సింది, అంది.
ఊఁ, అన్నాడు. ఫర్వాలేదని మాత్రం అనలేదు.
ఆ రోజుకి ఇంటికి వెళ్ళిపోయాడు.
మంగళవారం మళ్ళీ వచ్చాడు
పరీక్ష పాడైందని చెప్పడానికి.

ఈ మధ్యలో, ఆదివారం రాత్రి,
దానికి గేటు సంగతి చెప్పాను. ఆరుంబావు సంగతి.
వింటూ వింటూ నా బొటనవేలు పట్టుకుంది,
చిన్నప్పుడు పట్టుకున్నట్టు.

ఇవాళ సాయంత్రం మునిసిపాలిటీ కుర్రాడు
తాళ్ళు విప్పి మోచేతికి చుట్టుకుంటున్నాడు.
పొద్దుట్నుంచి ఎన్ని వందల చేతులు ఆనాయో దాన్ని.
ఒక్క చేతినీ అది కట్టెయ్యలేదు.

షట్టర్ దించి బయటికొచ్చాను.
పోతూ పోతూ గాలి ఆఖరి విసురు ఒకటి విసిరి
నా కండువా లాక్కుని బేకరీ కప్పు మీద పారేసింది.
పగలబడి నవ్వాను,
నడిరోడ్డు మీద, ఒక్కదాన్నే.
టైమెంతైందో చూసుకోలేదు.
ఎవరితో నవ్వావని
ఎవరూ అడగలేదు.