ఒళ్ళో పెట్టె

సార్వభౌమాధికారం అంటే ఏమిటని
మొదటి ఏడాది పరీక్షలో అడిగారు.
ఆ పొద్దున ఉలాన్‌బాతర్‌లో మైనస్ ముప్ఫై రెండు.
జేబులోనే గడ్డకట్టిన పెన్నును
చంకలో పెట్టుకుని కరిగించి
నాలుగు పేజీలు నింపాను.

అరవై రెండు మార్కులు.
"నిర్వచనాలు బాగున్నాయి నొమిన్‌దారీ, మనుషులెక్కడ?"
ఎర్రసిరాతో సంజ్‌మ్యాతవ్ మాస్టారు.
ఒళ్ళు మండింది.
పుస్తకంలో మాత్రం ఎక్కడున్నారని మనుషులు?
పౌరులున్నారు, ఓటర్లున్నారు,
దశాంశాలతో సహా శాతాలున్నారు.

మూడో ఏడాది జూన్‌లో
ఎన్నికల పనికి విద్యార్థులు కావాలన్నారు.
రోజుకూలీ, ఒక పూట భోజనం, నీలం చొక్కా.
మంచం దిగలేని వాళ్ళ దగ్గరికి
ఓటు పెట్టెనే మోసుకెళ్ళాలి,
అసలు పోలింగుకు ఒక రోజు ముందు.

జీపు పగ్వాది.
వెనక సీట్లో రెండు పార్టీల పరిశీలకులు
మాటల్లేకుండా చెరో కిటికీ పంచుకున్నారు.
పెట్టె నా ఒళ్ళో.
నిండుకుండ తొణకదంటారు.
ఇది నిండలేదు,
ప్రతి గతుక్కీ లోపల మూడు కాగితాలు
ఇటు నుంచి అటు పార్టీ మారాయి.

ఏరు దాటాక దుల్మా అవ్వ గుడారం.
జాబితాలో వరస సంఖ్య తొమ్మిది,
వయసు ఎనభై నాలుగు, తుంటి విరిగింది.
పెట్టె వంక చూడనైనా చూడకుండా
ముందు ఉప్పు టీ తాగమంది.
తాగుతుండగానే
ఒంటె వెంట్రుకల పేట ఒకటి తీసి
ఒక కొస ఒక పరిశీలకుడికి,
రెండో కొస రెండోవాడికి ఇచ్చింది.
"తిప్పండి.
ఒకే వైపు కాదర్రా, చెరో వైపు!
లేకపోతే పురెలా ఎక్కుతుంది?"

తిప్పారు.
నీలం చొక్కాలకు చెమటలు పట్టేదాకా తిప్పారు.

"నువ్వేం చదువుతున్నావు పిల్లా?"
"రాజనీతి శాస్త్రం."
"అంటే?"
ఆ నాలుగు పేజీల్లో
ఒక్క వాక్యం ఒక్కటంటే ఒక్కటి
నోటికి రాలేదు.
"ఎవరి మాట ఎవరు వింటారు, ఎందుకు వింటారు, అది..."
"నా మాట మేకలే వినవు.
తెలిస్తే నాకూ ఓ ముక్క చెప్పి పో."

బ్యాలెట్ ఇచ్చి అందరం గోడకేసి తిరిగాం.
నమదా గోడకు దగ్గరగా నిలబడి చూస్తే
అందులో ఎన్ని గొర్రెల బొచ్చో లెక్కే తెగదు.
చాలాసేపు పట్టింది.
పగ్వా దగ్గాడు.

కాగితం పెట్టెలో పడ్డాక అవ్వ అడిగింది,
"ఎవరికేశానో అడగరేం?"
"అడగకూడదవ్వా. రహస్యం."
"ఇన్నేళ్ళ బతుకులో
నాకంటూ ఉన్న రహస్యం ఇదొక్కటి,
దీన్నీ అడిగేవాడు లేడు."

బయల్దేరుతుంటే గుమ్మం దాకా దేకుతూ వచ్చి
చెక్క గరిటెతో జీపు వెనక పాలు చిలకరించింది.
పెట్టె తడిస్తే నేరం.
మోచెయ్యి అడ్డం పెట్టాను.
రాత్రి లెక్కల గదిలో కూడా
నా చేతికి పాలవాసనే.

పెట్టెలో పదకొండు కాగితాలు.
పది చెల్లాయి.
పదకొండోదాని మీద
రెండు పేర్ల పక్కనా గుర్తులున్నాయి,
రెండూ శ్రద్ధగా, గట్టిగా నొక్కి పెట్టినవి.
ఎవరిదో నాకు తెలియదు.
తెలుసుకునే హక్కు లేదు.
పరిశీలకులిద్దరూ మాత్రం
ఆ రోజు మొదటిసారి
ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు నా థీసిస్‌లో మూడో అధ్యాయం, ఐదో పట్టిక.
"సంచార పెట్టె: పోలైనవి 11, చెల్లనివి 1."
ఆ ఒకటి నెత్తిన చిన్న చుక్క పెట్టి
పేజీ అడుగున ఫుట్‌నోట్‌కు జాగా వదిలాను.

"ఇక్కడేం రాస్తావు?" అన్నారు మాస్టారు.
ఎర్రపెన్ను మూత తియ్యకుండానే
చాలాసేపు ఆ ఖాళీ వంక చూశారు.